పట్టా నా పేరు మీదికి వచ్చింది: విరాసత్‌లో (చనిపోయినవారి భూమిని వారసుల పేరు మీదికి మార్చే పని) నా అనుభవం

నా పేరు మీద భూమి పాస్‌బుక్ నిన్ననే పోస్టులో వచ్చింది. భర్త పోయాక భూమి తమ పేరు మీదికి మార్చుకోవాల్సిన ఆడవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మాది తెలంగాణలో పత్తి పండే ఊరు. మా ఆయన పోయిన వానాకాలంలో గుండెపోటుతో చనిపోయారు. ఆయన పేరు మీద 3 ఎకరాల 20 గుంటలు ఉంది. మరణ ధ్రువపత్రం పంచాయతీలో ఇచ్చారు. రైతు బీమా కాగితాలు మా ఊరి వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) తనే తీసుకుని పంపారు, నామినీగా నా ఖాతాలో 5 లక్షలు పడ్డాయి. అయితే ఆ బీమా పట్టా ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. ఆయనకు బదులు నేను పోయి ఉంటే నా బిడ్డలకు రూపాయి వచ్చేది కాదు. ఆ చేనులో గింజ పెట్టింది, కలుపు తీసింది, పత్తి ఏరింది నేను. పుస్తకంలో పేరు మాత్రం ఆయనది.

మీసేవలో విరాసత్‌కు స్లాట్ పెట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు పోయాం. నేను, నా ఇద్దరు బిడ్డలు, అత్తమ్మ. బండి మీద అత్తమ్మను మా బావ కొడుకు తీసుకొచ్చాడు. అక్కడి గుమస్తా నా చేతిలో కాగితాలు తీసుకుని, నన్ను దాటి ఆ పిలగాణ్ణి అడగడం మొదలుపెట్టాడు. సర్వే నంబర్ ఎంత, హద్దులేంటి, బోరు ఉందా అని. వాడికి పందొమ్మిదేళ్లు, హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. "చిన్నమ్మను అడుగుండ్రి సార్, నాకేం తెలుసు" అన్నాడు పాపం. అప్పుడు గుమస్తా నా వైపు తిరిగి, అందరూ వింటుండగా, "మగపిల్లలు లేరా? ఇద్దరూ ఆడపిల్లలేనా? రేపు పెళ్లిళ్లయి పోతరు, నువ్వొక్కదానివి వ్యవసాయం ఏం చేస్తవమ్మా? మీ బావ పేరు మీద పెట్టుకుంటే ఆయనే చూసుకుంటడు గదా" అన్నాడు.

వరుసలో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. నా పెద్దబిడ్డ కళ్లల్లో నీళ్లు. నేను మాత్రం గొంతు తగ్గించలేదు. మా చేనులో ఏ మూల రేగడి, ఏ మూల చెలక, ఏ ఏడు గులాబీరంగు పురుగు ఎంత తిన్నది, పత్తిలో తేమ 12 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు ఎందుకు వెనక్కి పంపుతారు, అన్నీ చెప్పాను. మా ఆయన దున్నేవారు, మందు కొట్టేవారు, మార్కెట్‌కు పోయేవారు. మిగతా చేను పనంతా నా చేతుల మీదే నడిచింది. పత్తి ఏరడంలో మా వాడకట్టులో నన్ను మించినవాళ్లు లేరు, ఇది గర్వంగానే చెబుతున్నాను. కూలికి పోతే మాత్రం మగవాళ్లకంటే మాకు తక్కువే ఇస్తారు, ఎండ ఇద్దరికీ ఒకటే అయినా.

ఇక చట్టం సంగతి. భర్త వీలునామా రాయకుండా పోతే మా హిందువుల్లో భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమాన హక్కు. మేమంతా ఉండగా అన్నదమ్ములకు వాటా రాదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత వ్యవసాయ భూమికి కూడా ఇదే లెక్క. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఇది తెలియక కాదు. ఆడమనిషి వస్తే ఇలాగే మాట్లాడాలని అలవాటు పడ్డాడు, అంతే. తహసీల్దార్ సారు ముందు అత్తమ్మ "నా కోడలికే రాయి బిడ్డా" అని వేలిముద్ర వేసింది. బిడ్డలు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత పని తొందరగానే అయింది.

చెల్లెళ్లారా, భర్త బతికుండగానే కొంత భూమి మీ పేరు మీద రాయించుకోండి. తగాదా అనుకుంటే అనుకోనీయండి. ఆఫీసు బయట కాగితాలు నింపుతామని తిరిగేవాళ్లకు పైసలు ఇవ్వకండి, ఆధార్ జిరాక్సులు మీరే తీసుకుపోండి. వారసులందరూ ఒకేసారి రావాలి, ఒక్కరు లేకున్నా తిప్పి పంపొచ్చు. పాస్‌బుక్ రాగానే దాని జిరాక్సు, మీ బ్యాంకు పుస్తకం జిరాక్సు ఏఈఓకు ఇవ్వండి. లేకపోతే ఎకరాకు సీజన్‌కు 6,000 చొప్పున వచ్చే రైతు భరోసా ఆగిపోతుంది. నేను రేపు పొద్దున్నే ఆ పని మీదే పోతున్నాను.