మందార పక్కన బెండ వేశాక తెలిసింది

హనుమకొండలో మా ఇంటి ముందున్న ఎర్ర చెల్క నేలలో 4 మందారలు, 9 గులాబీలు, ఒక కనకాంబరం మడి ఉన్నాయి. మందులు కొట్టకుండా తోడు మొక్కలతోనే వీటిని కాపాడుకోవాలని 2022 వానాకాలంలో మొదలుపెట్టాను. మొదటి ప్రయత్నమే బెడిసికొట్టింది. చోటు ఖాళీగా ఉందని మందారల మధ్య బెండ గింజలు పెట్టాను. బెండ, పత్తి, మందార ఒకే కుటుంబానికి చెందినవి కనుక, ఒకదాని మీద బతికే పచ్చదోమకూ పిండినల్లికీ మరొకటి పరాయిది కాదు. ఆగస్టు నాటికి బెండ ఆకుల అంచులు పసుపెక్కి ముడుచుకున్నాయి. ఆ తరువాతి వారం నుంచి మందార కొత్త చిగుళ్లు కూడా వంకర్లు తిరగసాగాయి.

పరకాల వైపు పత్తి పండించే మా చిన్నాయన ఇంటికి వచ్చినప్పుడు అది చూసి నవ్వాడు. "బిడ్డా, సొంత చుట్టాలను పక్కపక్కన కూసోబెట్టినవు, ఒకలది ఒకలకు అంటదా? పత్తి చుట్టు మేం బొబ్బర్లు ఏస్తం సూడు, నువ్వు గవి ఏసుకో" అన్నాడు.

బెండ పీకేసి గులాబీల వరుసకు మూడు అడుగుల అవతల బొబ్బర్లు వేశాను. వాటి తీగల మీద చేరే నల్ల పేనుబంక ప్రధానంగా పప్పుజాతి మొక్కలది. గులాబీ మొగ్గల మీద గుంపు కట్టే పచ్చ పేనుబంక వేరు. అందువల్ల బొబ్బర్ల మీది పేనుబంక గులాబీకి చేసే చెరుపు తక్కువ, కానీ దాన్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగులు అక్కడే గుడ్లు పెట్టి సంతతిని పెంచుకుంటాయి. గులాబీకి చిగురు వచ్చే సమయానికి వాటి పిల్లపురుగులు పక్కనే సిద్ధంగా ఉన్నాయి. నల్లగా, ముళ్లముళ్లుగా కనిపించే ఆ పిల్లపురుగులను మొదట్లో చీడ అనుకుని నలిపేసిన పాపం నాకూ ఉంది. కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలేస్తే, ఆ చిన్న తెల్లపూల తేనె కోసం చీడపురుగుల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే పరాన్నజీవి కందిరీగలు కూడా వచ్చాయి.

ఎక్కువ కాలం పట్టింది కనకాంబరం. రెండేళ్లుగా మొక్కలు గిడసబారి, పూత తగ్గి, పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలు ఉండేవి. చెల్క వంటి తేలిక నేలల్లో ఎక్కువగా ఉండి వేర్లను పట్టే, కంటికి ఆనని నులిపురుగుల పని అది. బంతి వేర్లలో ఉండే ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం వాటిని చంపుతుందని చదివి, మడి చుట్టూ పది బంతి మొక్కలు పెట్టాను, ఏమీ మారలేదు. ఆ పదార్థం పనిచేసేది బంతి వేర్లు పరుచుకున్న మట్టిలోనే గానీ గట్టు మీద నాటిన మొక్క మడి మధ్యకు కాపలా కాయదని ఆలస్యంగా అర్థమైంది. మరుసటి సంవత్సరం కనకాంబరాలను పూర్తిగా తీసేసి, జూన్‌లో నారు పోసి, జూలైలో మడి అంతా జానెడు దూరంలో బంతి నాటాను. సద్దుల బతుకమ్మకు పూలన్నీ కోసుకున్న తరువాత మొక్కలను అక్కడే మట్టిలో కలిపేసి, నెల ఆగి కొత్త కనకాంబరం నాటాను. ఆ ఏడాది వేర్లు దాదాపు శుభ్రంగా ఉన్నాయి.

అదే బంతి గులాబీల దగ్గర నన్ను ముంచింది. పూలు బాగున్నాయని ఏప్రిల్ దాకా ఉంచాను. ఎండ 40 డిగ్రీలు దాటేసరికి బంతి ఆకుల అడుగున ఎర్రనల్లి సన్నని గూళ్లు అల్లి, అక్కడి నుంచి గులాబీలకు పాకింది. ఇప్పుడు ఫిబ్రవరిలోనే బంతిని వేర్లతో సహా తీసేస్తున్నాను.

గులాబీ మొదళ్ల దగ్గర నాటిన ఎల్లిగడ్డ వల్ల నల్లమచ్చ తెగులు తగ్గినట్టు నాకు కనబడలేదు. ఆ తెగులు తెచ్చే శిలీంధ్రానికి ఆకు కనీసం 7 గంటలు తడిగా ఉండాలి. మొదళ్ల చుట్టూ నేను ఒత్తుగా పెంచిన మెంతి, కొత్తిమీర గాలి ఆడనివ్వక ఆ తడిని ఇంకా నిలిపాయి. వాటిని అడుగున్నర దూరం జరిపి, రాలిన ఆకులు ఏరేసి, పొద్దున్నే మొదళ్లకు మాత్రమే నీళ్లు పోయడంతో మచ్చలు తగ్గాయి.

మందార పిండినల్లికి మాత్రం ఏ తోడు మొక్కా అక్కరకు రాలేదు. దాని తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తూ అక్షింతల పురుగులను తరిమేస్తున్నాయి. పట్టిన కొమ్మల చివర్లు కత్తిరించి, కాండానికి గుడ్డ చుట్టి, దాని మీద గ్రీజు పూసి చీమల దారి మూసిన తరువాతే అక్షింతల పురుగులు మందార మీద నిలిచాయి. ఆ గ్రీజుకు దుమ్ము అంటుకుని ఎండిపోతుంది కనుక, ఇప్పటికీ పది రోజులకొకసారి కొత్తగా పూస్తున్నాను.