ఈ మందు తరువాత ఏ మందు

శనివారం నా మాత్ర రోజు. నిద్ర లేవగానే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో, ఎముకలు గుల్లబారే జబ్బుకు వాడే అలెండ్రోనేట్ మింగి, అరగంట సేపు నడుము వాల్చకుండా, ఏమీ నోట్లో వేసుకోకుండా కూర్చోవడం కొన్నేళ్లుగా అలవాటు. ఆ మాత్ర అన్నవాహికలో ఎక్కడైనా ఆగితే అక్కడి పొర పుండు పడుతుంది, అందుకే అంత నియమం. ఈ ఉదయం మాత్రం ఆ అరగంట ఖాళీ. తరువాతి మందేమిటో తేలేదాకా దీన్ని ఆపమన్నారు డాక్టరుగారు. కొన్నాళ్లు ఆపినందువల్ల నష్టం లేదని కూడా చెప్పారు. ఈ జాతి మందులు ఎముకను పట్టుకుని ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోతాయి, మెల్లమెల్లగా బయటికొస్తాయి.

ఆ ఖాళీలో నా వెన్ను ఎక్స్‌రేను కవరులోంచి బయటికి తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాను. పక్క నుంచి తీసిన చిత్రం. నడుము పూసలు ఒకదాని మీద ఒకటి ఇంచుమించు చదరంగా, అంచులు సమానంగా ఉన్నాయి. వాటి పైన, ఛాతీ భాగంలో చివరిదైన పన్నెండో పూస మాత్రం వెనక ఎత్తు అలాగే ఉండి ముందువైపు కుంగిపోయింది. నేను జారి పడలేదు. మంచం కింది పెట్టె లాగడానికి వంగాను, అంతే. కండరం పట్టేసిందనుకున్న నొప్పి వారాలు గడిచినా తగ్గకపోయేసరికి ఈ చిత్రం తీయించారు. చాలామందికి ఆ నొప్పి కూడా ఉండదు. ఎత్తు తగ్గిందనో, వీపు వంగిందనో ఎవరైనా గమనించి ఆరా తీస్తేనే పూస విరిగిన సంగతి బయటపడుతుంది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్ను టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 3.1, తుంటి మైనస్ 2.8. మైనస్ 2.5, అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అంటారు. మందు వాడుతుండగా ఒక్క పూస విరిగినంత మాత్రాన మందు పనిచేయలేదని తీర్పు చెప్పరు. ఏ మందూ ఎముక విరగడాన్ని పూర్తిగా ఆపలేదు, ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది. అందుకే ముందు వేరే కారణాలు వెదికారు: విటమిన్ డి, క్యాల్షియం, థైరాయిడ్, పారాథైరాయిడ్, మూత్రపిండాలు, ఎముక మజ్జకు సంబంధించిన పరీక్షలు. అన్నీ బాగానే ఉన్నాయి. మాత్ర వేసుకునే పద్ధతిలో లోపం లేదు. ఇక మిగిలింది మందు మార్చడమే. "మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏది మీ జీవితానికి కుదురుతుందో ఆలోచించుకుని సోమవారం రండి" అన్నారు. నన్ను అడిగి నిర్ణయించాలనుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఎక్కువ కాలం నాన్చే వీలు కూడా లేదు. ఒక పూస విరిగిన స్త్రీలలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే మరొకటి విరుగుతుందని 2001లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. పూస విరిగిన మొదటి సంవత్సరమే అన్నిటికంటే గడ్డుదన్నమాట.

పది గంటలకు అక్క ఫోన్ చేసింది. తను డెనోసుమాబ్ అనే ఎముకల మందు మీద ఉంది.

"ఆరు నెలలకొక సూది, చర్మం కిందికి. ఆ తరువాత దాని సంగతే మర్చిపోవచ్చు. నువ్వూ అదే వేయించుకో" అంది.

"అక్కా, నీ తరువాతి సూది ఎప్పుడు?"

"ఎక్కడో రాసిపెట్టాను. వాళ్లే ఫోన్ చేస్తారులే."

నాకు కూర్చున్నచోట నిలవబుద్ధి కాలేదు. ఫోన్ పెట్టకుండా కాగితం వెదికించాను. తేదీ వచ్చే నెలలో ఉంది. దాన్ని గోడ మీది క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టేదాకా వదల్లేదు.

ఆ మందు గొప్పదే. మూడేళ్ల పెద్ద అధ్యయనంలో వెన్నుపూసల ఫ్రాక్చర్లను 68 శాతం, తుంటి ఫ్రాక్చర్లను 40 శాతం తగ్గించింది. పదేళ్లు వాడినవారిలోనూ ఎముక సాంద్రత పెరుగుతూనే వచ్చింది. కానీ మాత్రలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అలెండ్రోనేట్‌లాగా ఇది ఎముకలో నిలవ ఉండదు. ఎముకను కరిగించే కణాలు తయారు కావడానికి కావలసిన ఒక ప్రొటీన్‌ను పట్టి ఉంచుతుంది, అంతే. సూది ప్రభావం తగ్గగానే అన్నాళ్లూ అణిగి ఉన్న ఆ కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. పెరిగిన సాంద్రత ఏడాది రెండేళ్లలో హరించుకుపోతుంది. కొందరికి ఒకేసారి రెండు మూడు పూసలు విరుగుతాయి. అందుకే గడువు దాటి నెలకు మించి ఆలస్యం చేయొద్దని, ఎప్పుడైనా ఆపాల్సి వస్తే వెంటనే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మరో మందు మొదలుపెట్టాలని చెబుతారు. సూది వేసేవారు ఈ మాటను ప్రతిసారీ రోగి చెవిన వేయాలి. మా అక్కకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది అందుకే.

ఇంకో చిక్కు ఉంది. డెనోసుమాబ్ మొదలుపెట్టాక ఎముకను కొత్తగా కట్టే టెరిపారటైడ్‌కు మారితే తుంటి దగ్గర, మణికట్టు దగ్గర సాంద్రత పడిపోయింది. 2015లో ఈ రెండు మందుల క్రమాన్ని అటూ ఇటూ మార్చి చూసిన అధ్యయనం ఆ సంగతి చూపించింది. టెరిపారటైడ్ ముందు, డెనోసుమాబ్ తరువాత అయితే సాంద్రత పెరుగుతూ పోయింది. అవే రెండు మందులు, వరుస మారేసరికి ఫలితం తలకిందులైంది.

మధ్యాహ్నం అమ్మాయి నా పక్కన కూర్చుని ఈ కాగితాలన్నీ తిరగేసింది. "అన్నిటిలోకీ మంచిది ఏదమ్మా?" అని అడిగింది. కొన్నాళ్లుగా నేనూ అందరినీ అడుగుతున్న ప్రశ్న అదే. కానీ అక్కతో మాట్లాడాక నాకు వేరే ప్రశ్న ముఖ్యమనిపిస్తోంది: ఈ రోజు ఏది మొదలుపెడితే, రెండేళ్ల తరువాత నాకు ఏ మందులు మిగిలి ఉంటాయి? నాకు అరవై దాటాయి. ఇది ఒక మందుతో తీరే వ్యవహారం కాదు. ఇంకో ఇరవై ఏళ్లకు సరిపడా మందుల వరుస వేసుకోవాలి.

ఎముకలో రెండు రకాల కణాలు నిత్యం పనిచేస్తుంటాయి. ఒకటి పాత ఎముకను కరిగిస్తుంది, రెండోది ఆ గుంతలో కొత్త ఎముక పోస్తుంది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి కరిగించేవాటిది పైచేయి అవుతుంది. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ మూడూ కరిగించేవాటికి కళ్లెం వేసేవే. కట్టేవాటిని పనిలోకి దించే మందులు వేరు.

జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికోసారి నరంలోకి సెలైన్‌లాగా ఎక్కిస్తారు. కనీసం పావుగంట పడుతుంది. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. మూత్రపిండాలు బాగా బలహీనపడినవారికి ఇవ్వరు. నాకు ఆ అడ్డు లేదు. కానీ ఇది అలెండ్రోనేట్ జాతిదే. దాని మీద ఉండగానే పూస విరిగింది కాబట్టి, ఇప్పుడు మళ్లీ అదే జాతి మందుకు వెళ్లడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. దీన్ని తరువాతికి దాచుకోవాలి.

కట్టే మందుల్లో ఒకటైన రోమోసోజుమాబ్ గురించి చదువుతున్నప్పుడు చాలాసేపు ఆగిపోయాను. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఎముకలు విపరీతంగా మందంగా పెరిగే అరుదైన జబ్బు ఉంది. వారి ఒంట్లో స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ తయారు కాదు. ఎముక కట్టడాన్ని ఆపేది ఆ ప్రొటీనే అని అలా తెలిసింది. దాన్ని అడ్డుకునే మందే ఇది. నెలకొకసారి, ఒకే పూట రెండు సూదులు, మొత్తం ఏడాది. ఎముకను కడుతుంది, కరగడాన్నీ తగ్గిస్తుంది. పైగా నాలాగా ముందు అలెండ్రోనేట్ జాతి మందులు వాడిన స్త్రీలను తీసుకుని 2017లో పోల్చి చూస్తే, ఏడాదిలో తుంటి సాంద్రత దీనితో 2.6 శాతం పెరిగింది, టెరిపారటైడ్‌తో 0.6 శాతం తగ్గింది. ఈ లెక్క చూశాక ఒక గంట సేపు ఇదే నా మందు అనుకున్నాను.

కానీ నాకు రక్తపోటు ఉంది. రోజూ రెండు మాత్రలు. అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఇంచుమించు నా వయసే. ఈ మందు వివరాల కాగితంలోనే గుండెపోటు, పక్షవాతం హెచ్చరిక ఉంటుంది. గత ఏడాది లోపల ఆ రెండిట్లో ఏది వచ్చినా ఇది మొదలుపెట్టకూడదు. అలెండ్రోనేట్‌తో పోల్చిన పెద్ద అధ్యయనంలో మొదటి ఏడాది తీవ్రమైన గుండె, రక్తనాళాల సమస్యలు దీనితో 2.5 శాతం మందికి, దానితో 1.9 శాతం మందికి వచ్చాయి. తేడా చిన్నదే. నాకు ఆ జబ్బులు వచ్చిన చరిత్ర లేదు కాబట్టి డాక్టరుగారు వద్దనలేదు. అయినా ఏడాది పొడవునా ప్రతి తలనొప్పికీ ఉలిక్కిపడుతూ బతకడం నాకు చేతకాదు. అమ్మను ఆ మంచం మీద చూసినదాన్ని. లెక్కలకు అందని ఈ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలనే నా అభిప్రాయం.

ఇక టెరిపారటైడ్. పారాథైరాయిడ్ హార్మోన్‌లోని మొదటి 34 అమైనో ఆమ్లాల ముక్క. ఆ హార్మోన్ ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరిగిపోతుంది. అదే రోజుకొక్కసారి కొద్దిగా ఇచ్చి, వెంటనే తగ్గిపోనిస్తే ఎముక కడుతుంది! ఇది చదివినప్పుడల్లా నాకు శరీరం మీద భక్తి కలుగుతుంది. రోజూ 20 మైక్రోగ్రాములు, పొట్ట మీదో తొడ మీదో సొంతంగా పొడుచుకోవాలి. మామూలుగా రెండేళ్లు. పెద్ద మోతాదులో ఇచ్చిన ఎలుకలకు ఎముక క్యాన్సర్ రావడంతో చాలాకాలం తీవ్ర హెచ్చరిక ఉండేది. ఏళ్ల తరబడి మనుషుల్లో గమనించాక ఆ హెచ్చరికను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తీసేసింది. గతంలో ఎముకలకు రేడియేషన్ తీసుకున్నవారికి, ఎముకలకు క్యాన్సర్ పాకినవారికి మాత్రం ఇప్పటికీ ఇవ్వరు.

నన్ను ఇటు తిప్పింది 2018లో వచ్చిన అధ్యయనం. అప్పటికే వెన్నుపూసలు విరిగిన 1360 మంది స్త్రీలలో సగం మందికి టెరిపారటైడ్, సగం మందికి అలెండ్రోనేట్ జాతిదే అయిన రైసెడ్రోనేట్ ఇచ్చారు. రెండేళ్లలో కొత్తగా పూసలు విరిగినవారు మొదటి గుంపులో 5.4 శాతం, రెండో గుంపులో 12 శాతం. వారిలో ఎక్కువమంది నాలాగా ముందే అలెండ్రోనేట్ జాతి మందులు వాడినవారు. తుంటి సాంద్రత మొదట్లో కాస్త తగ్గుతుందన్న సంగతి తెలిసే చెబుతున్నాను. నాకు విరిగింది వెన్ను. సాంద్రత ఒక అంకె మాత్రమే, విరగకుండా ఉండటమే నాకు కావాలి.

రోజూ సూది అనగానే అమ్మాయి ముఖం చిన్నబోయింది. నా బొటనవేళ్ల కీళ్లు అరిగి పట్టు తగ్గిన సంగతి తనకు తెలుసు. పెన్ను లాంటి ఆ పరికరం వాడే చిత్రాలు చూసి, "మొదట నేను వేస్తానమ్మా, తరువాత నువ్వే నేర్చుకుందువు గాని" అంది. మొదటి కొన్ని మోతాదులకు లేవగానే కళ్లు తిరగవచ్చు కాబట్టి కూర్చుని వేసుకోవాలట. రాత్రి పడుకునే ముందు మంచం మీదే వేసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, తెరిచాక 28 రోజులకు పారేయాలి.

సాయంత్రం సోమవారానికి అడగవలసినవి రాసుకున్నాను. టెరిపారటైడ్ కట్టిన ఎముకను ఆపగానే వదిలేస్తే కరిగిపోతుంది. దాని వెంట మరో మందు పడాల్సిందే. అది జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే చివరి సూది తరువాత ఎన్ని వారాల్లో ఎక్కించాలి? రెండేళ్ల మధ్యలో రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి ఎప్పుడెప్పుడు చూడాలి? కదులుతున్న నా కింది దవడ పన్నును ఇప్పుడే తీయించుకోవడం మంచిది కదా? ఎందుకంటే కళ్లెం వేసే మందులు మళ్లీ మొదలయ్యాక పళ్లు పీకిస్తే దవడ ఎముక మానకపోవడమన్నది, అరుదుగానే అయినా, ఉంది. అలెండ్రోనేట్ ఇన్నేళ్లు వాడాను కాబట్టి, అరుదుగా తొడ ఎముక బీటలువారే అవకాశం ఉంటుందని, తొడలోనో గజ్జల్లోనో నొప్పి వస్తే వెంటనే ఎక్స్‌రే తీయించమని ఆయన ఇదివరకే చెప్పారు. అది ఇంకెంతకాలం గమనించుకోవాలో కూడా అడగాలి.

చివరగా ఇంకొకటి చేర్చాను. ఈ రెండేళ్లకూ, ఆ తరువాతి మందుకూ తేదీలు వేసి నా ఫైలు మొదటి పేజీలో రాసి సంతకం పెట్టమని అడుగుతాను. అక్క ఫైలుకు కూడా ఆమె డాక్టరుగారి చేత అలాంటి పేజీ ఒకటి రాయించాలి. బుధవారం ఆమెతో నేనే వెళ్తాను.