మాంటే కార్లోలో ఒక స్కోరుబోర్డు

నీస్‌లో ఉన్న నాలుగు రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సముద్రం అందరూ చెప్పినంత నీలంగానే ఉంది. రాయాలనిపించింది మాంటే కార్లో కాసినోలో రూలెట్ బల్ల పక్కన నిలబడ్డ గంటన్నర గురించే. చక్రం తిప్పి, గోళీ ఏ అంకె గడిలో, ఏ రంగు గడిలో పడుతుందో పందెం కాసే ఆట రూలెట్. అదీ ఆ భవనం గురించి కాదు, బల్ల పక్కన నిలువుగా వెలుగుతున్న ఒక బోర్డు గురించి.

మాంటే కార్లో మొనాకో అనే చిన్న రాజ్యంలో ఒక పేట. నీస్ నుంచి రైలు అరగంటలోపే. మొనాకో స్టేషన్ కొండ కడుపులో ఉంటుంది, లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఎక్కాక ఎక్కడో తేలతాం. ఆటగదుల్లోకి పోవాలంటే పాస్‌పోర్టు చూపించాలి, పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. మొనాకో పౌరులు మాత్రం లోపల ఆడకూడదు. ఫ్రాన్సువా బ్లాన్ 1863లో ఈ కాసినో నడిపే హక్కు తీసుకున్నాడు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1869లో, రాజుగారు తన ప్రజలకు ఆదాయపు పన్నే ఎత్తేశాడు. బయటివాళ్ళ జేబుల్లోంచి అంత వస్తోందన్నమాట.

ఇక బోర్డు సంగతి. చివరి ఇరవై దాకా పడ్డ అంకెలు అందులో కనిపిస్తాయి, ఎరుపు ఒక వరసలో, నలుపు ఒక వరసలో. ప్రపంచంలో చాలా కాసినోల్లో ఇలాంటిది ఉంటుంది. బకారా అనే పేకాట బల్లల దగ్గరైతే గెలుపోటములు రాసుకోమని కార్డూ పెన్నూ ఉచితంగానే ఇస్తారు. ఆ సమాచారంతో ఆటగాడికి పైసా లాభముంటే అంత ఉదారంగా ఎందుకిస్తారు? ఈ ప్రశ్న వేసుకున్నవాళ్ళు ఆ బల్ల దగ్గర కనిపించలేదు.

మేం వెళ్ళేసరికి ఎరుపు వరసగా ఎనిమిదిసార్లు పడి ఉంది. బావ చెవిలో అన్నాడు: "ఎనిమిది ఎరుపులురా! ఇప్పుడు నలుపు రాక ఎక్కడికి పోతుంది?" ఎదురుగా చిన్న నోట్‌బుక్కులో అంకెలు రాసుకుంటున్న పెద్దాయన మాత్రం పందెం బిళ్ళలు మళ్ళీ ఎరుపు మీదే పెట్టాడు. ఎరుపు 'నడుస్తోంది' అని ఆయన లెక్క. బోర్డు ఒక్కటే, దాన్ని చూసి ఇద్దరూ నేర్చుకున్నవి పూర్తిగా వ్యతిరేకమైన పాఠాలు.

చక్రంలో గడులు 37: ఎరుపు 18, నలుపు 18, ఆకుపచ్చ సున్నా ఒకటి. ప్రతిసారీ నలుపు పడే అవకాశం 37లో 18. ఎనిమిది ఎరుపుల తర్వాతా అంతే, ఎనభై ఎరుపుల తర్వాతా అంతే. వరసగా ఎనిమిది ఒకే రంగు పడటం వింత కూడా కాదు. గంటకు నలభైసార్లు తిరిగే బల్లమీద ఏదో ఒక రంగు అలా ఎనిమిదిసార్లు పడటం సగటున ఎనిమిది గంటలకోసారి జరుగుతుంది.

"చివరికి సగం సగం కావాలి కదా" అన్నది బావ వాదన. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. సున్నాను కాసేపు పక్కన పెడదాం. ఇరవై ఆటల్లో ఎరుపు 15, నలుపు 5 పడ్డాయనుకోండి. తర్వాతి వెయ్యి ఆటల్లో చెరో అయిదొందలు పడితే మొత్తం ఎరుపు 515, నలుపు 505. ఎరుపు వాటా 75 శాతం నుంచి 50.5 శాతానికి దిగింది, తేడా మాత్రం పదికి పదీ అలాగే ఉంది. చక్రం పాత బాకీ తీర్చలేదు. కొత్త ఆటల కుప్పలో ఆ బాకీ కనబడకుండా పోయింది, అంతే.

దీనికి అసలు ఉదాహరణ ఈ ఊళ్ళోనే ఉంది. 1913 ఆగస్టు 18న ఇక్కడి ఒక బల్లమీద నలుపు వరసగా 26 సార్లు పడింది. పదిహేను దాటేసరికి జనం ఎగబడ్డారు, అందరూ ఎరుపు మీదే. లక్షల ఫ్రాంకులు పోయాయి. ఒక నిర్ణీత ఆటతో మొదలుపెట్టి నలుపు వరసగా 26 సార్లు పడే అవకాశం దాదాపు 13.7 కోట్లలో ఒకటి. అయితే ఇరవయ్యైదు పడ్డాక బల్ల దగ్గర నిలబడ్డవాడికి ఆ కోట్లతో పనిలేదు. అతని ముందున్నది మళ్ళీ ఆ 37లో 18 మాత్రమే.

బల్ల నడిపే క్రూపియే "రియాన్ న వా ప్లూ" అన్నాడు, అంటే ఇక పందేలు చెల్లవని. గోళీ చక్రానికి ఎదురు దిశలో తిరిగి తిరిగి, తొట్టి గోడమీది లోహపు పలకలకు కొట్టుకుని, రెండు గెంతులు వేసి సున్నాలో పడింది. ఎరుపువాళ్ళూ పోయారు, నలుపువాళ్ళూ పోయారు. అది ఫ్రెంచి పద్ధతి బల్ల కాబట్టి రంగుమీద పెట్టినవాళ్ళకు సగం వెనక్కి వచ్చింది. బోర్డులో సున్నా గురించి ఎవరూ ఏమీ చదివినట్టు లేరు.

రూలెట్ మీద కాసినో సంపాదన అంతా ఆ గడిలోనే ఉంది. ఒక అంకెమీద గెలిస్తే ఒకటికి 35 ఇస్తారు, న్యాయంగా ఇవ్వాల్సింది 36. ఆ తేడాయే 37లో ఒకటి, అంటే 2.70 శాతం. సగం వెనక్కిచ్చే బల్లలో రంగు పందేలకు అది 1.35కి దిగుతుంది. రెండు సున్నాల అమెరికన్ చక్రంలో 5.26, మూడు సున్నాలుంటే 7.69. కూర్చునే ముందు సున్నాలు లెక్కపెట్టుకోవడం బోర్డు చదవడం కన్నా ఎంతో నయం. ఇంకో పొరపాటేమిటంటే, 2.70 శాతమంటే జేబులో ఉన్న వందలో రెండు రూపాయల డెబ్భై పైసలు అనుకోవడం. అది కాసిన మొత్తం మీద లెక్క. పది చొప్పున గంటకు నలభై ఆటలాడితే కాసింది 400, సగటు నష్టం 10.80. నాలుగు గంటలు కూర్చుంటే 43 దాటుతుంది, చేతిలో ఉన్నది వందే అయినా. ఇక మోసం చేయాల్సిన అవసరం వాళ్ళకేముంది?

బావ దగ్గర రెండో ఉపాయమూ ఉంది: ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేయడం. కనిష్ఠం 10, గరిష్ఠం 500 ఉన్న బల్ల అనుకుందాం. 10, 20, 40, 80, 160, 320. ఆరుసార్లు ఓడితే పోయింది 630, ఏడోసారి కావాల్సిన 640ని బల్ల ఒప్పుకోదు. వరసగా ఆరు ఓటములు దాదాపు 55 ప్రయత్నాల్లో ఒకసారి వస్తాయి. మిగతా 54 సార్లూ సారికి పది, అంటే 540 చేతికొస్తుంది. ఆ ఒక్కసారి 630 పోతుంది. ఈ పద్ధతితో రోజూ గెలుస్తున్నామనేవాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, వాళ్ళ యాభయ్యైదో రోజు ఇంకా రాలేదు.

నోట్‌బుక్కు పెద్దాయనకు ఒక న్యాయమైన పూర్వీకుడున్నాడని ఒప్పుకోవాలి. 19వ శతాబ్దంలో జోసెఫ్ జాగర్ అనే యార్క్‌షైర్ మనిషి ఇక్కడే గుమాస్తాలను పెట్టి ప్రతి చక్రం అంకెలూ రాయించాడు. ఒక చక్రం కొన్ని గడుల వైపు మొగ్గుతోందని పట్టుకుని బాగా గెలిచాడు. అది అదృష్టపు వరసల లెక్క కాదు, చక్రంలోని లోపం. ఇప్పుడు అలా పట్టుకోవాలంటే ఎన్ని ఆటలు రాయాలో చూడండి. ఒక అంకె 37కి బదులు 33 ఆటలకోసారి పడుతోందనుకుందాం. అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పాలంటే ఇరవై వేల పైచిలుకు ఆటలు కావాలి. గంటకు నలభై, రోజుకు పది గంటల చొప్పున యాభై రోజులు దాటుతుంది. ఈలోగా చక్రాన్ని సరిచూసుకోవడానికి కాసినోవాళ్ళకూ ఆ అంకెలే ఉంటాయి. పెద్దాయన పుస్తకంలో నాకు కనిపించినవి రెండు పేజీలు.

'బ్యాంకు బద్దలుకొట్టడం' అన్న మాటా ఇక్కడిదే. 1891లో చార్లెస్ వెల్స్ ఆ పని చేసి పేరు తెచ్చుకున్నాడు. అంటే కాసినో దివాలా తీసిందని కాదు. ఆ బల్లకు కేటాయించిన డబ్బు అయిపోతే నల్లగుడ్డ కప్పి, ఇంకా తెచ్చేదాకా ఆట ఆపేవారు. అంతకన్నా మంచి ప్రకటన ఇంకేముంటుంది? వెల్స్ తర్వాత మోసం కేసులో జైలుకెళ్ళాడు.

డబ్బు వేసి బటన్ నొక్కి ఆడే స్లాట్ యంత్రాల దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. మనం లేచాక పక్కవాడు కూర్చుని గెలిస్తే అది మన డబ్బే అనిపిస్తుంది. యంత్రం లోపల యాదృచ్ఛిక సంఖ్యలు ఎవరూ ఆడకపోయినా క్షణక్షణం మారుతూనే ఉంటాయి. బటన్ నొక్కిన ఆ క్షణమే ఫలితం తేలిపోతుంది. మనమే కూర్చుని ఉన్నా అదే క్షణానికి నొక్కి ఉండేవాళ్ళం కాదు.

తిరిగి వెళ్తూ మా బల్లవైపు చూశాం. ఎనిమిది ఎరుపులూ ఆ సున్నాతో సహా బోర్డు కింది నుంచి జారిపోయాయి. పైన నాలుగు నలుపులు వరసగా ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఒకాయన వాటిని వేలితో లెక్కపెట్టుకుంటున్నాడు.