సబ్‌వూఫర్ గుయ్‌మంటుంటే పెరట్లో నీళ్లు పోశాను

నిన్న రాత్రి పదకొండున్నరకి పెరట్లో ఎర్త్ గుంత (ఇంటి ఎర్త్ తీగ నేలలోకి దిగే చోటు) మీది సిమెంట్ మూత పక్కకి జరిపి రెండు బకెట్ల నీళ్లు పోశాను. అరగంట ఆగి హాల్లోకొచ్చి మైక్ పెట్టి చూస్తే, మా హోమ్ థియేటర్ సబ్ (లోతైన బేస్ పలికే సబ్‌వూఫర్) హమ్, అంటే ఆ గుయ్‌మనే రొద, 100 హెర్ట్జ్ దగ్గర 31 నుంచి 27 డెసిబెల్స్‌కి దిగింది. సోఫాలో కూర్చుని చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు! నెల రోజులుగా వదలకుండా పట్టుకున్న రొద అది. ఆ సంతోషంలో రెండింటి దాకా నిద్ర పట్టలేదు. అందుకే ఈసారి ఇది పూర్తిగా రాస్తున్నాను, మిగతావి గబగబా ముగించేస్తాను.

సెటప్ ఇప్పుడు 5.1.2 (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్, సీలింగ్‌లో రెండు). హాల్ 16 × 11 అడుగులు, ఎత్తు 10. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే డెనాన్ 7.2 రిసీవర్ పాతదే. ముందు మూడూ వార్ఫ్‌డేల్ డైమండ్ 12 సిరీస్, సీలింగ్‌లో కొత్తగా రెండు. పాత 8 అంగుళాల సబ్ తీసేసి 12 అంగుళాల సీల్డ్ సబ్ (డబ్బాకి గాలి రంధ్రం లేనిది) తెచ్చాను. కూర్చునే చోట 22 హెర్ట్జ్ దాకా బేస్ తగ్గకుండా నిలబడుతోంది. గోడలకి రెండంగుళాల మందం, 48 డెన్సిటీ రాక్‌వూల్‌తో (ప్రతిధ్వని పీల్చే రాతి ఉన్ని) 4 × 2 అడుగుల ప్యానెల్స్ ఆరు చేశాను. వాటి మీదికి మంగళగిరి చేనేత గుడ్డ తొడిగాను. గుడ్డని నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి రావాలి, అంతే పరీక్ష. డైలాగులు ఇప్పుడు ముత్యాల్లా విడివిడిగా వినపడుతున్నాయి.

ఆడిస్సీ (రిసీవర్‌లో స్పీకర్లని తనంతట తనే సరిచేసే ప్రోగ్రామ్) ముందు స్పీకర్లని ఈసారి కూడా లార్జ్ అని పెట్టింది. నేను ఎప్పట్లాగే స్మాల్ చేసి 80 హెర్ట్జ్ దగ్గర కట్ చేశాను, ఆ కిందిదంతా సబ్ చూసుకుంటుంది. బుక్‌షెల్ఫ్ స్పీకర్‌ని 40 దాకా లాగించడం దాన్ని హింసించడమే. అలాగే, వేలు పోసి కొనే స్పీకర్ వైర్ల మీద నాకు నమ్మకం లేదు. 14 గేజ్ స్వచ్ఛమైన రాగి వైరు చాలు, మిగిలిన డబ్బు ప్యానెల్స్ మీద పెట్టండి.

ఇక హమ్ సంగతి.

ఏప్రిల్ 19

కొత్త సబ్ పెట్టిన రోజు రాత్రే అమ్మ అడిగింది, "ఏంట్రా ఇది, గోడలో తేనెపట్టు ఉన్నట్టు గుయ్‌మంటోంది?" సినిమా ఆడుతున్నప్పుడు తెలియదు. సీన్ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, పాజ్ చేసినప్పుడు మాత్రం అది తప్ప ఇంకేమీ వినపడదు. పాత సబ్‌లో కూడా ఉండే ఉంటుంది, బయటపడలేదంతే.

అర్ధరాత్రి ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి, యూమిక్-1 మైక్ సోఫాలో చెవి ఎత్తున పెట్టి ఆర్‌ఈడబ్ల్యూ అనే శబ్దం కొలిచే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. 50 హెర్ట్జ్ దగ్గర 54 డెసిబెల్స్, 100 దగ్గర 43, 150 దగ్గర 35. సబ్ ప్లగ్ పీకేస్తే 50 దగ్గర 24, 100 దగ్గర 19. అంటే రొద మొత్తం సబ్‌లోంచే.

సబ్ కేబుల్ మార్చాను, తేడా లేదు. సబ్, రిసీవర్, టీవీ అన్నీ ఒకే స్పైక్ బోర్డుకి తెచ్చాను, ఒక్క డెసిబెల్ తగ్గింది. రిసీవర్ నుంచి ఆర్‌సీఏ కేబుల్ (సబ్‌కి సిగ్నల్ తెచ్చేది) పీకి సబ్‌ని ఒంటరిగా ఆన్ చేస్తే మౌనం. సబ్ బాగానే ఉంది, కేబుల్ బాగానే ఉంది. రెండూ కలిసినప్పుడే గొడవ. గ్రౌండ్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ తగిలి, మధ్యలో వలయంలా తిరిగే కరెంటు) అని అప్పుడే ఖాయం చేసుకున్నాను.

ఏప్రిల్ 27

రిసీవర్ రెండు పిన్నులదే, దానికి ఎర్త్ లేదు. సబ్ మూడు పిన్నులది. లూప్ కావాలంటే రెండో ఎర్త్ ఎక్కడి నుంచో రావాలి. వీధి స్తంభం నుంచి వచ్చే కేబుల్ టీవీ వైరు గుర్తొచ్చింది. ఆ వైరు మీది లోహపు అల్లిక సెట్‌టాప్ బాక్స్‌కి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా రిసీవర్‌కి, అక్కడి నుంచి ఆర్‌సీఏ షీల్డ్ (కేబుల్ పై లోహపు పొర) మీదుగా సబ్‌కి, సబ్ ప్లగ్‌లోంచి మా ఇంటి ఎర్త్‌కి. పెద్ద వలయం. బాక్స్ వెనక వైరు తిప్పి తీశానో లేదో 50 దగ్గర 54 కాస్తా 41 అయింది, 100 దగ్గర 36.

సెట్‌టాప్ బాక్స్‌ని పాత 32 అంగుళాల టీవీతో సహా అమ్మ గదిలోకి మార్చాను. అమ్మకి ఇదే నచ్చింది, సీరియల్ మధ్యలో ఎవరూ రిమోట్ అడగరు.

కానీ హమ్ పోలేదు, తగ్గిందంతే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. సగటు చెవికి 50 హెర్ట్జ్ వినపడాలంటే దాదాపు 44 డెసిబెల్స్ ఉండాలి. అదే 100 హెర్ట్జ్ అయితే 27 దాటితే చాలు. అంటే నా దగ్గర 41 ఉన్న 50 చెవికి ఆనడం లేదు, 36 ఉన్న 100 మాత్రం స్పష్టంగా వినపడుతోంది. గ్రాఫ్‌లో ఎత్తుగా ఉన్న గీతని కాదు, ఆ పక్క గీతని చంపాలి. వారం రోజులు నేను 50ని చూస్తూ కూర్చున్నాను.

రెండో పని, గెయిన్. సబ్ వెనక నాబ్ సగానికి ఉంది, ఆడిస్సీ రిసీవర్‌లో సబ్ ట్రిమ్‌ని (రిసీవర్ సబ్‌కి పంపే స్థాయి) మైనస్ 9.5కి దించేసింది. నాబ్ తగ్గించి, ట్రిమ్ మైనస్ 4.5కి వచ్చేలా మళ్లీ కాలిబ్రేట్ చేశాను. సినిమా శబ్దం అంతే, కేబుల్‌లో దూరే హమ్ మాత్రం 5 డెసిబెల్స్ తక్కువగా పెరుగుతుంది. 100 దగ్గర 36 నుంచి 31. ఖర్చు లేని పని ఇది, అందరూ చేసుకోవచ్చు.

మే 4

ఇంకా నాలుగు డెసిబెల్స్ తగ్గాలి. కార్ ఆడియో షాపులో 600 రూపాయలకి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆ వలయాన్ని తెంపే డబ్బీ) దొరికింది. ఆర్‌సీఏ మధ్యలో పెడితే హమ్ పూర్తిగా మాయం! పది నిమిషాలు పండగ చేసుకున్నాను. తర్వాత స్వీప్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ వరసగా పలికించే పరీక్ష) వేస్తే 40 హెర్ట్జ్ దగ్గర 2, 30 దగ్గర 5, 20 దగ్గర 11 డెసిబెల్స్ పోయాయి. అంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అంత లోతు బేస్‌ని మోయలేదు. సీల్డ్ సబ్ కొన్నదే ఆ కింది బేస్ కోసం. తీసి డ్రాయర్‌లో పడేశాను.

స్నేహితుడొకడు "ఆ సబ్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ తీసెయ్, దెబ్బకి పోతుంది" అన్నాడు. నిజమే, పోతుంది. కానీ లోపల ఎప్పుడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ కరెంటు వెళ్లడానికి దారి ఉండదు, సబ్ నుంచి రిసీవర్ దాకా ప్రతి లోహపు ముక్కా షాక్ కొడుతుంది. మా అక్క పిల్లలు సెలవులకొచ్చి ఆ సబ్‌ని ఆనుకునే కూర్చుంటారు. ఈ సలహా చాలామంది మామూలుగా ఇచ్చేస్తుంటారు. దయచేసి ఎవరూ పాటించకండి.

ఆ సాయంత్రమే అమ్మ ఇంకో మాటంది. "ఫ్రిజ్ తలుపు తడి చేత్తో ముట్టుకుంటే చిమచిమమంటోంది, రెండు వేసవుల నుంచి ఇంతే." రెండు వేసవులు! హాల్లో హమ్, వంటింట్లో చిమచిమ. రెండూ ఒకటే అయ్యుంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. మల్టీమీటర్ తీసి హాల్ సాకెట్‌లో న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య చూశాను. 19 వోల్టులు. బాగున్న ఇంట్లో రెండు మూడు దాటకూడదు.

మే 11

ఈ ఇంటికి మొదటి నుంచి వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని పిలిచాను. ఆయన సంచిలోంచి 100 వాట్ల పాత గుండు బల్బు హోల్డర్‌తో సహా తీశాడు. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకించి, ఎవరూ ఏ లోహమూ ముట్టుకోవద్దని చెప్పి, ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య దాన్ని వెలిగించాడు. వెలిగింది కానీ కాస్త నీరసంగా. "చూశావా అబ్బాయ్, గుంత ఎండిపోయింది" అన్నాడు.

నేను మీటర్ పట్టుకున్నాను. బల్బు లేనప్పుడు ఫేజ్‌కి ఎర్త్‌కి 226 వోల్టులు, బల్బు వెలిగితే 200. 26 వోల్టులు పడిపోయాయి, బల్బు లాగేది సుమారు 0.4 ఆంపియర్. అంటే ఎర్త్ దారిలో 65 ఓమ్స్. బాబాయ్ లెక్కలో ఇల్లన్నాక 5 లోపు ఉండాలి. ఈ పరీక్ష మాత్రం మీరు చేయకండి. బల్బు వెలుగుతున్నంతసేపూ ఇంటి ఎర్త్ మొత్తానికి వోల్టేజ్ ఎక్కుతుంది. లైసెన్సున్న మనిషితోనే చేయించండి.

మూత తీసి చూస్తే కారణం కంటికే కనపడింది. మాది నల్లరేగడి నేల. గుంటూరు ఎండకి గుంత చుట్టూ మట్టి నెర్రెలు విచ్చి, పైపుకి మట్టికి మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు ఉంది. పైపు మీది బోల్టు తుప్పుతో ఉబ్బి, తీగ దాని మీద ఊరికే ఆనించి పెట్టినట్టుంది. 2004లో నాన్న ఇల్లు కట్టించినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంత అది. ఉప్పు ఏనాడో వానలకి కొట్టుకుపోయి ఉంటుంది. పోతూ పోతూ ఇనుముని కూడా తినేసింది. నాకు ఉప్పు పద్ధతి మీద మొదటి నుంచీ గురి లేదు, ఇప్పుడు అసలే లేదు.

బాబాయ్ బోల్టు గీకి కొత్త క్లాంప్ బిగించాడు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కూడా అదే రోజు పెట్టించాను. సబ్‌కి కాదు, అమ్మకి. క్లాంప్ వల్ల హమ్‌లో అర డెసిబెల్ తేడా వచ్చిందేమో, అది లెక్కలోకి రాదు.

తర్వాత నాలుగైదు రోజులు ఒక్కో ఎంసీబీ ఆపుతూ రాసుకున్నాను. ఫ్రిజ్ లైన్ ఆపితే మార్పు లేదు. ఫాల్స్ సీలింగ్‌లోని ఎల్‌ఈడీ ప్యానెల్స్ అన్నీ వేస్తే 100 దగ్గర 31 కాస్తా 34 అవుతోంది. ఇన్వర్టర్ చార్జింగ్‌లో ఉంటే ఇంకో డెసిబెల్. నా ఊహ ఇది: ఎల్‌ఈడీ డ్రైవర్లు, చార్జర్లు ఒక్కొక్కటీ కాస్త కాస్త కరెంటుని ఎర్త్‌లోకి వదులుతాయి. గుంత బాగుంటే అదంతా నేలలోకి దిగిపోవాలి. ఇక్కడ గుంత తీసుకోవడం లేదు కాబట్టి దొరికిన దారిలో, అంటే సబ్ ప్లగ్‌లోంచి కేబుల్ షీల్డ్ మీదుగా, తిరుగుతోంది. కానీ కేబుల్ టీవీ వైరు తీసేశాక ఆ దారికి రెండో కొస ఎక్కడుందో నాకు ఇంకా అంతుపట్టలేదు. ఇంటర్నెట్ ఫైబర్, అందులో లోహం లేదు. మిగిలింది ప్రొజెక్టర్ కోసం గోడలో వేసిన పాత హెచ్‌డీఎంఐ ఒక్కటే. దాని అవతలి కొస ఇనుప బ్రాకెట్‌కి తగులుతోందేమో చూడాలి. ఆ బ్రాకెట్ బోల్టులు స్లాబ్ ఊచల దాకా దిగాయి.

నిన్న

నీళ్ల సంగతి మొదట్లోనే చెప్పాను. అంకెలు ఇవీ. పోయక ముందు న్యూట్రల్, ఎర్త్ మధ్య 18 వోల్టులు, 100 హెర్ట్జ్ దగ్గర 31. రెండు బకెట్ల తర్వాత 9 వోల్టులు, 27 డెసిబెల్స్. ఈరోజు పొద్దున్నే బాబాయ్‌ని మళ్లీ పిలిచి, ఆర్‌సీసీబీకి ముందు వైపు నుంచి బల్బు పెట్టించాను. లేకపోతే అది వెంటనే ట్రిప్ అవుతుంది. 227 నుంచి 213కి దిగింది. 34 ఓమ్స్. దాదాపు సగం. ఫ్రిజ్ తలుపు దగ్గర అమ్మ తడి చేయి పెట్టి చూసి, "లేదురా" అంది. 27 డెసిబెల్స్ కన్నా ఆ మాటే నాకు ఎక్కువ నచ్చింది.

ఈ మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ. సాయంత్రం ఏడింటికి చూస్తే న్యూట్రల్, ఎర్త్ మధ్య మళ్లీ 12 వోల్టులు, 100 దగ్గర 29. నేల తాగేస్తోంది. నీళ్లు మందు కాదు, రోగం ఏంటో చెప్పాయంతే.

వానలు పడేలోపు కొత్త ఎర్త్. నేను రెండు గుంతలు అనుకుంటున్నాను, ఒక్కోటి 10 అడుగుల లోతు, మధ్య కనీసం 10 అడుగుల దూరం, రెండింటినీ కలిపి ఒకే ఎర్త్‌గా. దగ్గర దగ్గరగా తవ్వితే రెండో గుంత దండగ. ఉప్పు, బొగ్గు బదులు తేమని పట్టి ఉంచే బెంటొనైట్ రకం మట్టి నింపాలని నా పట్టుదల. బాబాయ్ మాత్రం "బొగ్గు లేకుండా గుంతేంటి" అంటున్నాడు. ఒకదాంట్లో ఆయన పద్ధతి, ఇంకోదాంట్లో నాది వేసి, కలిపే ముందు విడివిడిగా కొలిచి చూద్దామని ఒప్పించాను. ఒక గుంత మునగచెట్టు పక్కన. అమ్మ బట్టలుతికిన నీళ్లు పారేది అటే, వేసవిలో కూడా ఆ చోట తడి ఆరదు.

ఆ తర్వాతే రెండో సబ్. 11 అడుగుల వెడల్పుకి 51 హెర్ట్జ్ దగ్గర సోఫా మధ్య సీటులో 9 డెసిబెల్స్ గొయ్యి ఉంది. ఎదురెదురు గోడల మధ్యలో ఒక్కోటి పెడితే పూడుతుందని నా అంచనా. రెండో సబ్ అంటే ఇంకో మూడు పిన్నుల ప్లగ్. అందుకే ముందు గుంతలు. గునపం మామయ్యవాళ్ల ఇంట్లో ఉంది, శనివారం వెళ్లి తెచ్చుకోవాలి. అప్పటిదాకా రోజూ రాత్రి సినిమాకి అరగంట ముందు రెండు బకెట్లు.