సొంత పేరా, కంపెనీయా?

ఆన్‌లైన్‌లో అమ్మకాలు మొదలుపెట్టగానే కనిపించిన ప్రతివాళ్లూ "ముందు కంపెనీ పెట్టెయ్" అన్నారు. పెట్టలేదు. సొంత పేరు మీదే నడుపుతున్నా, ఎందుకంటే కంపెనీ అంటే చట్టం దృష్టిలో ఇంకో మనిషి లెక్క, దానికి వేరే పన్ను రిటర్నులు, వేరే పద్దులు, బేరాల్లేని ఏడాది కూడా తప్పని కాగితాల పని. కాకపోతే సొంత పేరు మీద నడిపితే వ్యాపారం అప్పు ఇంటి ఆస్తి దాకా వస్తుంది, భయమల్లా అదొక్కటే. (కంపెనీ పెట్టినా, బ్యాంకు లోనుకి మనచేత పర్సనల్ గ్యారంటీ, అంటే కంపెనీ కట్టకపోతే నేను కడతానని, సంతకం పెట్టించుకుంటే ఆ అప్పు మేరకు ఇంటి ఆస్తికి కంపెనీ ఇచ్చే రక్షణ పోయినట్టే. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.) నాకు అప్పుల్లేవు, భాగస్వామీ లేరు, ప్రస్తుతానికి ఇది చాలు.

అసలు తలనొప్పి పన్నుల దగ్గరే. ప్లాట్‌ఫామ్ వాళ్లు కమిషన్, షిప్పింగ్ కోసుకుని మిగిలింది అకౌంట్‌లో వేస్తారు, కానీ లెక్కల్లో అమ్మకం అంటే కస్టమర్ ఇచ్చిన ధర, ఆ కోతలన్నీ విడిగా ఖర్చు కింద రాయాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రాస్తే అటు అమ్మకమూ తక్కువే, ఇటు ఖర్చూ తక్కువే. అందుకే ప్లాట్‌ఫామ్ ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టు (అమ్మింది ఎంత, కోసింది ఎంత, వేసింది ఎంత అని చూపే లెక్క) నెలనెలా డౌన్‌లోడ్ చేసి దాచుకుంటున్నా. ఇక కస్టమర్ దగ్గర వసూలు చేసిన అమ్మకం పన్ను ఎటూ మనది కాదు, చేతికి రాగానే వేరే అకౌంట్‌లోకి తోసేస్తున్నా. పొరపాటున వాడెయ్యకుండా ఆ అకౌంట్‌కి కార్డు కూడా తీసుకోలేదు.