పిక్కల్లో అదురు

వ్యాయామం మొదలుపెడితే కాళ్లు నొప్పెడతాయని అందరూ చెప్పారు. అదురుతాయని ఎవరూ చెప్పలేదు. స్క్వాట్లు, పరుగు అయ్యాక పడుకుంటే పిక్కల్లో చర్మం కింద పురుగు పాకినట్టు ఒకటే కదలిక. నొప్పి లేదు, పట్టెయ్యడం లేదు. నడుస్తుంటే తెలిసేదే కాదు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం అన్నీ బాగానే ఉన్నాయి. సీపీకే, అంటే కండరాలు నలిగితే రక్తంలో పెరిగే ఎంజైమ్, అదొక్కటే బాగా ఎక్కువ. ఆ రిపోర్టు చూసిన డాక్టరు ఫోన్లోంచి తలెత్తకుండానే, "మోటార్ న్యూరాన్ జబ్బు కూడా కావచ్చు, న్యూరాలజిస్టుకి చూపించుకోండి" అన్నాడు. పరీక్షకు ముందురోజు వ్యాయామం చేశారా అని అడగలేదు. కాలు ముట్టుకుని చూడలేదు. తర్వాతి పేషెంటుని పిలిచేశాడు.

ఆ రాత్రి ఆ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. కండరాల్ని నడిపించే నరాలు చచ్చిపోతూ ఒక్కొక్కటే పడిపోతాయట: చేతులు, కాళ్లు, మింగడం, చివరికి ఊపిరి. ఫోన్ లైటు పిక్క మీద వేసుకుని కూర్చుంటే, చూసినకొద్దీ ఇంకా అదురుతోంది. టేపు పెట్టి రెండు పిక్కలూ కొలిచాను. కొంచెం తేడా వచ్చింది. (ఆ మాత్రం తేడా చాలామందికి ఉంటుందట.) అద్దం ముందు నాలుక చాపితే అదీ వణుకుతోంది! ఇక ఒళ్లంతా చెమటలు. నిద్రపోతున్న పిల్లాడి వంక చూసి, వీడి చదువు పూర్తయ్యేదాకా ఉంటానా అని లెక్కలు మొదలుపెట్టాను.

మా ఆవిడ లేచి లైటేసింది. "మునివేళ్ల మీద నడవండి" అంది. నడిచాను. "ఇప్పుడు మడమల మీద." అలాగే నడిచాను. "పడిపోలేదుగా, పడుకోండి."

తర్వాత న్యూరాలజిస్టు మొదట చేయించిందీ అదే నడక. ఆవిడ నా కాళ్ల బలం చూశారు, మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశారు. చాపిన నాలుక ఎవరిదైనా వణుకుతుందని, నోట్లో ఊరికే ఉన్నప్పుడు చూడాలని చెప్పారు. కండరాల్లో సూదులు గుచ్చి చేసే పరీక్ష, అదే ఈఎంజీ, మామూలుగానే వచ్చింది. గట్టిగా వ్యాయామం చేస్తే సీపీకే కొన్నాళ్ల పాటు పెరుగుతుందట. వారం పాటు జిమ్ మానేసి మళ్లీ చేయిస్తే దిగిపోయింది. ఆ మొదటాయన ఒక్క ప్రశ్న అడిగుంటే ఆ రాత్రి ఉండేదే కాదు కదా!

ఇలా హాని చేయని అదురున్న 121 మందిని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఏళ్ల తరబడి గమనించి 1993లో రాశారని, అందులో ఒక్కరికీ ఆ జబ్బు రాలేదని ఆవిడే చెప్పారు. మెడిసిన్ చదివే పిల్లలే ఈ భయంతో ఎక్కువ వస్తారని నవ్వారు కూడా. ఆ నవ్వు నాకు మందులా పనిచేసింది. దేవుడే పంపాడంటుంది మా అమ్మ. నేను కాదనను.

అలసట, నిద్రలేమి, కాఫీ, ఆందోళన ఈ అదురును పెంచుతాయి. సాయంత్రం కాఫీ మానేశాను, పరుగు కొంచెం తగ్గించాను. పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ వస్తోంది. మీకూ ఉంటే రాత్రిపూట లైటేసుకుని చూడకండి. కానీ పాదం ఈడుస్తున్నా, మెట్లెక్కలేకపోతున్నా, పిక్క సన్నబడుతున్నా ఆగకండి, న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. సీపీకే చేయించుకునే ముందు మాత్రం కొన్ని రోజులు వ్యాయామం ఆపండి. వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పండి.