ఖాళీ కడుపుతో పరుగు

2004 మే నెల. గుంటూరు ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! మెడిసిన్ వార్డులో హౌస్ సర్జన్ని. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం తెల్లారుజామున పరుగు ప్రాక్టీసు చేస్తున్న నరసరావుపేట వైపు కుర్రాణ్ణి తీసుకొచ్చారు. తొడల మీద చెయ్యేస్తే కేకేస్తున్నాడు. సీసాలో పట్టిన మూత్రం కోలా కూల్‌డ్రింకు రంగులో ఉంది.

మూత్రంలో ఏముందో రంగు మారి చెప్పే డిప్‌స్టిక్ ముంచితే రక్తమని చూపించింది. తొడల నొప్పి పరుగు వల్ల, రక్తం కిడ్నీ రాళ్ల వల్ల అని కేస్‌షీటులో రాసేశాను. రౌండ్సుకొచ్చిన మేడం అది చదివి ఏమీ అనలేదు (ఏమీ అనకపోవడమే ఆవిడ తిట్టు). సీసా తీసుకుని సైడ్ ల్యాబ్‌కి నడిచారు. మైక్రోస్కోపులో నన్నే చూడమన్నారు. ఎర్ర రక్తకణం ఒక్కటంటే ఒక్కటి లేదు! రక్తంలోని హిమోగ్లోబిన్‌కీ, కండలోని మయోగ్లోబిన్‌కీ ఆ స్టిక్కుకు తేడా తెలియదు. కండ చితికి కిడ్నీ మీద పడుతోందన్నమాట. రెండో ప్రపంచయుద్ధపు లండన్ బాంబుదాడుల్లో శిథిలాల కింద నలిగినవాళ్లలో బైవాటర్స్ అనే డాక్టరు చూసి, 1941లో రాసింది ఇదే. మా కుర్రాడి మీద మాత్రం ఏదీ కూలలేదు.

కండ చితికితే రక్తంలోకి కారే ఎంజైము సీపీకే వేలల్లో వచ్చింది. సెలైన్లు జోరుగా ఎక్కించాం. డయాలసిస్ దాకా పోలేదు.

అప్పుడు మేడం కుర్రాడి అమ్మను అడిగారు. "పరిగెత్తేముందు ఏం తిన్నాడమ్మా?"

"ఏం తింటాడమ్మా, తింటే పరిగెత్తలేనంటాడు."

"ఇదివరకు ఎప్పుడన్నా ఇట్లా అయిందా?"

"రెండేళ్ల కిందట శివరాత్రికి ఉపవాసం ఉండి, కోటప్పకొండకి ప్రభ వెంట నడిచాడు. మర్నాడు ఇదే రంగు. వేడి చేసిందని సబ్జా నీళ్లు పట్టించా."

బయోకెమిస్ట్రీ వైవాలో యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పి మార్కులు కొట్టేసినవాణ్ణి. ఆయనా ఫిస్కే కలిసి 1927లో వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్ అనే కండ ఇంధనం పరుగులో మొదటి కొద్ది సెకన్లకే. ఆ తర్వాత కండ దాచుకున్న చక్కెర, గ్లైకోజెన్. అదీ అడుగంటితే కొవ్వే దిక్కు. కొవ్వు కణంలోని పొయ్యి అయిన మైటోకాండ్రియాలోకి వెళ్లాలంటే, దాటించే పదార్థం కార్నిటిన్ చెయ్యి పట్టుకుని దాటాలి. దాటాక ఆ చెయ్యి విడిపించే ఎంజైము సీపీటీ-2. అది చాలనివాళ్లకు మామూలు రోజుల్లో ఏ లోటూ తెలియదు. ఉపవాసం ఉండి మైళ్లు నడిచిన రోజున కండ పొయ్యి ఆరిపోతుంది. మేడం అనుమానం అదే. తేల్చే పరీక్ష అప్పట్లో మా చేతికందేది కాదు.

తర్వాత నేను కండరాలు, మైటోకాండ్రియా, కిడ్నీల మీద పరిశోధనలోకే వెళ్లాను. ఇప్పుడు అదే జబ్బు జన్యుపరీక్షలో తేలుతుంది. అయినా మా ల్యాబు పిల్లలు రిపోర్టు పట్టుకొస్తే, ఆ రోజు పేషెంటు ఏం తిన్నాడో అడిగి రమ్మని వెనక్కి పంపుతాను. నా వెనక ఏమనుకుంటారో నాకు తెలుసు. మేడం గురించి మేమూ అదే అనుకున్నాం.

డిశ్చార్జి రోజున ఆవిడ, "ఇంక వీడికి ఉపవాసాలు వద్దు. పరుగుకు ముందు అన్నమో అరటిపండో తినాల్సిందే" అన్నారు.

"శివయ్యకి నేను చెప్పుకుంటాలేమ్మా. వాడి ఉపవాసం కూడా నేనే ఉంటా."

మేడం కేస్‌షీటు మూయబోయి ఆగారు. "నీకెప్పుడూ ఈ రంగు రాలేదుగా?"

"లేదమ్మా."

"అయితే ఉండు."